ఎండని మూల

ఆసుపత్రి వెనక, వార్డు గోడకీ ప్రహరీకీ మధ్య ఒక మూల ఉంది. అది ఎప్పుడూ ఆరేది కాదు. ఎండలు మండిపోయే రోజుల్లో కూడా అక్కడ అడుగు వేస్తే కాలు పైకి వచ్చేది గాని చెప్పు వచ్చేది కాదు. ఇంతకుముందు తోటపని చూసినవాళ్లందరూ ఆ మూలతో కుస్తీ పట్టి ఓడిపోయారు. గులాబీలు పెడితే కుళ్లాయి. మట్టి తోలించారు, కంకర పోయించారు. ఆ నేల అన్నింటినీ మింగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ చెమ్మగిల్లి కూర్చుంది. చివరికి మేనేజరు విసుగెత్తిపోయి, అక్కడ సిమెంటు పోసి అంబులెన్సులు నిలుపుకుందాం అన్నాడు.

దానికి అడ్డుపడింది తోటమ్మ. డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా ఆమెను అలాగే పిలుస్తారు. తాత్కాలికంగా పెట్టుకున్న మనిషే అయినా తోట సంగతి వచ్చిందంటే మేనేజరుకి కూడా ఎదురు చెప్పేస్తుంది. నేలతో పోట్లాడితే నేలే గెలుస్తుందని, తడి నేలకి తడిని కోరే మొక్కల్నే తేవాలని, ఒక్కసారి తన చేతికి వదిలిపెట్టి చూడమని అడిగింది. మేనేజరు సరే అన్నాడు. తోట పైవాళ్లకి నచ్చితే నీ ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే సిమెంటు ఖాయం అని నవ్వుతూ చెప్పాడు. ఆయన కోపంగా చెప్పినవి మర్చిపోతాడు, నవ్వుతూ చెప్పినవి చేసి తీరతాడు. ఆ సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ మూలని చూడడానికి వార్డుల్లోంచి మనుషులు పనిగట్టుకుని వస్తున్నారు. నడుమ, నీళ్లు నిలిచే గుంటలో జమ్ము పెట్టింది. దాని వేళ్లు ఊరికే ఉండే రకం కాదు, సందు ఇస్తే గుంటంతా తమదే అంటాయి. అందుకని అడుగు కోసేసిన పాత బకెట్లలో నాటి, ఆ బకెట్లని పాతింది. గుంట అంచున తుంగ. నీళ్లు వచ్చిపోతూ ఉండే వాలులో వస. దుంపని కణుపు దగ్గర కోసి, సగం నేలలోనూ సగం పైకి కనబడేటట్టూ అడ్డంగా పడుకోబెట్టింది. నిలువునా పాతితే అది అలిగి కుళ్లిపోతుంది. నడిచే రాళ్ల సందుల్లో నీరుబ్రహ్మి పాకించింది. వీటిలో ఒక్కటీ నర్సరీలో కొన్నది కాదు. సెలవు రోజుల్లో కాలువ గట్ల వెంట తిరిగి, ఏ మొక్క ఎంత తడిలో సుఖంగా ఉందో చూసి, తడి గోనెలో చుట్టి, బస్సులో పక్కవాళ్ల సణుగుడంతా భరించి తెచ్చింది. ఇక్కడ పుట్టిన మొక్కకి ఇక్కడి నేల పెట్టే బాధలు ముందే తెలిసి ఉంటాయని ఆమె వాదన.

ఆ నేల ఎందుకు ఆరదో కూడా ఆమే తేల్చి చెప్పింది. కింద ఊట ఉందట. బురదని పిడికిట్లోకి తీసుకుని పిండి, వాసన చూసి, మేనేజరు ముక్కు దగ్గర పెట్టింది. నిలవ నీరయితే కుళ్లు కంపు కొట్టాలి, ఇది కొట్టడం లేదు, కాబట్టి నీరు కదులుతోంది, ఊటే, అంది. మేనేజరు ఆ మాట పట్టుకుని వచ్చినవాళ్లందరికీ 'మా ఊట' అని చూపించడం మొదలుపెట్టాడు. పక్షవాతంతో మాట పడిపోయిన ఒక పెద్దాయన రోజూ చక్రాల కుర్చీ తోయించుకుని వచ్చి తూనీగల్ని చూస్తూ కూర్చునేవాడు. వాళ్లబ్బాయి తోటమ్మకి చేతులెత్తి దణ్ణం పెట్టబోతే ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. చెప్పద్దూ, సంతోషంతో కూడా.

పైవాళ్లు చూడడానికి వచ్చేలోగా మిగిలిన పని ఒక్కటే, ప్రహరీ పక్కన మద్ది మొక్క నాటడం. అది ఏటి ఒడ్డు చెట్టు. పాదాలు తడిలో ఉంటే గాని దానికి తోచదు. రేపు పెరిగితే కుర్చీల్లో వచ్చేవాళ్లకి నీడ కూడా అవుతుంది. చెట్టు కాబట్టి గొయ్యి లోతుగా ఉండాలి. పొద్దున్నే వచ్చి, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని గునపం అందుకుంది. పైన మెత్తటి బురద, దాని కింద బంకమన్ను. ఆ బంకమన్నులో గునపం ఠంగుమంది.

రాయి అనుకుంది. చేత్తో తడిమితే గుండ్రంగా తగిలింది. మన్ను గోకి చూస్తే తుప్పు పట్టిన ఇనప గొట్టం, దాని అతుకు దగ్గర వేలు పట్టేంత చీలిక. చీలికలోంచి నీళ్లు చిమ్ముతున్నాయి, అద్దంలా తేటగా. దోసిట్లో పట్టి ముక్కు దగ్గర పెట్టుకుంది. బ్లీచింగు పౌడరు వాసన.

ఊట నీళ్లకి ఎక్కడైనా బ్లీచింగు వాసన ఉంటుందా? ఆమె గొయ్యిలోనే చతికిలబడిపోయింది. గొయ్యి నిండుతోంది, నడుం దాకా తడుస్తోంది, లేవాలని తోచలేదు. తర్వాత లేచి గొట్టం ఏ వైపు పోతోందో చూసింది. ప్రహరీ కిందుగా అవతలికి పోతోంది. ప్రహరీ అవతల మెట్లు. మెట్ల కింద దిగువ వీధి. ఆ వీధిలో రెండు గదుల వాటాలో ఆమె, ఆమె అక్క ఉంటున్నారు.

దిగువ వీధిలో కుళాయిలకి నీళ్లు రాక ఏళ్లయింది. పొద్దున్న కుళాయి తిప్పితే ముసలాయన దగ్గులాంటి చప్పుడు వస్తుంది, అంతే. నీళ్ల ఆఫీసువాళ్లు పైనుంచి వదులుతూనే ఉన్నాం, మీ ఇళ్లలో గొట్టాలు పూడిపోయాయి అన్నారు. వీధివాళ్లు ఇళ్లలో గొట్టాలు మార్పించుకున్నారు. అప్పుడూ దగ్గే వచ్చింది. ఇక ట్యాంకరే గతి. అక్క తెల్లారగానే క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడి, నిండిన క్యాన్లు మోసుకుంటూ మేడమెట్లు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని, గోడతో మాట్లాడుతున్నట్టు ఏదో గొణుక్కుంటుంది.

ఎండ ముదిరేసరికి చీలికలో నీళ్లు తగ్గి, ఆగిపోయాయి. పైన ఎక్కడో వాల్వు కట్టేసి ఉంటారు. దిగువ వీధి కుళాయిలకి నీళ్లు వదిలే వేళ అయిపోయిందన్నమాట. తోటమ్మకి ఇంక అనుమానం మిగల్లేదు. తను గొప్పగా వాసన చూపించిన బురద, కాలవలన్నీ తిరిగి ఏరి తెచ్చి పెంచిన జమ్మూ తుంగా, అన్నీ అక్క నడుం మీద పెరుగుతున్నాయి.

చెయ్యవలసింది ఏమిటో ఆమెకి తెలుసు. చెయ్యలేదు. బంకమన్ను ముద్దలుగా చేసి గొట్టం మీద అద్దింది. చీలిక మూసుకోవాలని కాదు, కనబడకుండా ఉండాలని. దాని మీద మద్ది మొక్కని నిలబెట్టి, మన్ను తోసి, కాలితో గట్టిగా తొక్కింది. మొక్కని అంత పైపైన నాటకూడదని తెలిసే నాటింది.

ఇంటికి వెళితే అక్క ఆ పూట ట్యాంకరు దగ్గర జరిగిన యుద్ధం చెప్పడానికి కాచుకుని ఉంది. వరస తప్పించి ముందుకు దూరబోయిన ఒకతన్ని ఎలా కడిగేసిందీ, ట్యాంకరు డ్రైవరు ఎలా నోరు మూసుకున్నదీ, అదే వీధిలో బట్టలు కుట్టే టైలరు పిన్ని నవ్వలేక ఎలా కూలబడిందీ, అన్నీ చేతులు తిప్పుతూ నటించి చూపించింది. ఆ వీధికి అక్క నోరే రక్షణ. ఎవరి క్యాన్ ఎవరు జరిపినా పంచాయితీ అక్క దగ్గరికే వస్తుంది. తోటమ్మ నవ్వవలసిన చోటల్లా నవ్వింది. స్నానానికి వెళ్లి, అక్క మోసుకొచ్చిన నీళ్లలో ఒక్క చెంబుతో బురద కాళ్లు కడుక్కుని వచ్చేసింది. సబ్బుకి బురద వదిలిందా లేదా అని అక్క వెనకనుంచి అడిగింది.

మర్నాడు ఆమె మేనేజరు దగ్గరికి వెళ్లి, మాటల్లో మాటగా, ఆ మూల కింద పాత లైనేమైనా పోతోందేమో, ఎవరికైనా చూపిస్తే మంచిదేమో అంది. మేనేజరు కాగితాల్లోంచి తలెత్తి ఆమెని కాసేపు చూశాడు. లైనంటూ బయటపడితే నీళ్ల ఆఫీసువాళ్లు వచ్చి మూలంతా తవ్వి పోస్తారని, తవ్విన చోట మళ్లీ తోట వెయ్యడానికి పైవాళ్లు ఒప్పుకోరని, సిమెంటు పోయిస్తారని చెప్పాడు.

"నీకు నీళ్లు కావాలి, వస్తున్నాయి. ఎక్కడివని అడగడం దేనికమ్మా?" అన్నాడు, నవ్వుతూనే.

పైవాళ్లు వచ్చేది సెలవు రోజు. కుటుంబాల్ని కూడా తీసుకురావచ్చన్నారు. తోటమ్మ ఇంట్లో ఆ మాట ఎత్తలేదు గాని, ఆయాల్లో ఎవరో అక్కకి చెప్పనే చెప్పారు. అక్క పెట్టె అడుగున దాచుకున్న చీర తీసి కట్టుకుని, పొద్దున్నే బయల్దేరింది. దారి పొడుగునా ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ మా చెల్లెలు వేసిన తోట చూడ్డానికి వెళుతున్నానని చెప్పింది. తోటమ్మ నాలుగడుగులు ముందు నడిచింది.

పైవాళ్లు వచ్చి చూశారు, తలలూపారు, ఫోటోలు దిగారు. వాళ్లలో పెద్దావిడ వస ఆకు నలిపి వాసన చూసి, మొక్కల ఎంపిక చాలా బాగుందని, ఆ మూలకి ఏం కావాలో తెలిసి చేసిన పని అని మెచ్చుకుంది. మేనేజరు అక్కడికక్కడే తోటమ్మ ఉద్యోగం ఖాయమైనట్టు చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తోటమ్మ అక్క కోసం చూసింది.

అక్క గుంట అంచున ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, చీర కాస్త ఎత్తి పట్టుకుని, చీలమండల దాకా నీళ్లలో నిలబడి ఉంది. ఒక కాలు ఎత్తి మెల్లగా మళ్లీ నీళ్లలో పెట్టింది. మళ్లీ ఎత్తింది. తోటమ్మ దగ్గరికి వెళ్లేసరికి తలెత్తకుండానే అంది.

"ఇన్ని నీళ్లు ఊరికే నిలబడి ఉండగా చూసి ఎన్నాళ్లయిందే. ఎవరూ పోట్లాడుకోవడం లేదు వీటి కోసం."

తోటమ్మ అక్క చెప్పులు చేత్తో పట్టుకుని, పద పద అని తొందరపెట్టి అక్కణ్ణించి లాక్కొచ్చేసింది. పెద్దావిడ మెచ్చుకుంటుంటే నిలబడి వినకుండా వచ్చేశావేమే, నీకు మర్యాద తెలీదు అని అక్క దారంతా తిట్టింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అక్క ఆరిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. తోటమ్మ ఎదురుగా కూర్చుని ఒక తువ్వాలు తీసుకుంది, మడతపెట్టింది, విప్పింది.

"అక్కా, అది ఊట కాదు."

"మరేమిటి?"

"మన వీధి గొట్టం. అక్కడ చీలిపోయింది. మనకి రావలసిన నీళ్లే అవి."

అక్క చేతిలో ఉన్న జాకెట్టు మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, చేత్తో అదిమింది. ఎప్పుడు తెలిసిందని అడగలేదు. ఎవరికైనా చెప్పావా అని మాత్రం అడిగింది. లేదంది తోటమ్మ. చెబితే ఏమవుతుందని అడిగింది. తవ్వుతారు, సిమెంటు పోస్తారు, నాతో పనుండదు, అంది తోటమ్మ.

"అయితే చెప్పకు."

"వీధంతా అక్కా."

"వీధి సంగతి నాకు చెబుతున్నావా? నీ జీతం ఆగిన నెల వీధి వచ్చి మన పొయ్యి వెలిగిస్తుందా? ఇన్నాళ్లూ మోశాం. ఇకముందూ మోస్తాం. నోరు మూసుకుని పడుకో."

అక్క అంతే, ఏ పంచాయితీ అయినా రెండు మాటల్లో తేల్చేస్తుంది. ఇదీ తేల్చేసింది. తోటమ్మకి గుండెల మీంచి పెద్ద బరువు దించినట్టయింది. గొట్టం కనబడిన దగ్గర్నుంచీ లేని నిద్ర ఆవేళ కమ్మగా పట్టింది. తర్వాత తల్చుకుని ఆమె సిగ్గుపడింది, దాచినందుక్కాదు, ఆ నిద్రకి.

తెల్లారి పనికి బయల్దేరుతూ, మెట్ల మీంచి ట్యాంకరు వరస వైపు చూసింది. అక్క ఎప్పుడూ వరస మొదట్లో, ట్యాంకరు గొట్టం పక్కన, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని సేనాధిపతిలా నిలబడి ఉంటుంది. ఆ రోజు చివర్న ఉంది. టైలరు పిన్ని నీళ్ల ఆఫీసువాళ్ల వంశం మొత్తాన్ని పేరుపేరునా దీవిస్తోంది. ఆ దీవెనలకి వంత పాడడం అక్క పని. అక్క తల వంచుకుని క్యాన్ మూత తిప్పుతోంది, విప్పుతోంది, మళ్లీ తిప్పుతోంది. నువ్వు మాట్లాడవేం అని ఎవరో అడిగితే, పన్ను నొప్పి అంది.

ఆ తర్వాత రోజూ అంతే. వెనక ఎవరొచ్చి నిలబడినా అక్క పక్కకి జరిగి, మీరు కానివ్వండి అనేది. వాళ్లు మొహమాటపడితే తనకేం తొందర లేదనేది. ఒకనాడు సగం క్యాన్‌తో వచ్చింది. ఇంకోనాడు ఖాళీ క్యాన్‌తో వచ్చి, ట్యాంకరు అయిపోయింది అంది. అయిపోలేదని తోటమ్మకి తెలుసు, మెట్ల మీంచి చూసింది. ఎవరో క్యాన్ల మీద తగువు తీర్చమని ఇంటికి వస్తే అక్క లోపలి గదిలోంచి రాలేదు. లేదని చెప్పమంది. ఇల్లంతా నిశ్శబ్దంగా అయిపోయింది. కడిగేసిన కథలూ చేతులు తిప్పడాలూ ఏవీ లేవు. భోజనాల దగ్గర గిన్నెల చప్పుడు తప్ప మాట వినబడేది కాదు.

ఆసుపత్రిలో తోట మాత్రం పచ్చగా కళకళలాడుతోంది. జమ్ము కంకి వేసింది. పైపైన నాటిన మద్ది మొక్క కూడా కొత్త చిగురు తొడిగింది. చిగురెందుకు తొడగదు, పాదాల కింద అన్ని నీళ్లుంటే. తోటమ్మకి దాన్ని పీకి పారేయాలనిపించింది. పీకితే గొట్టం బయటపడుతుంది. కత్తెర తీసుకుని తుంగ అంచులు సవరించింది.

ఒక పొద్దున్న అక్క లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. నడుం పట్టేసిందేమో, నూనె రాయనా అని తోటమ్మ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. వీపు కర్రలా బిగుసుకుని ఉంది.

"నావల్ల కాదే, ఆ వరసలో నిలబడడం. వాళ్లు నాతో మంచిగా మాట్లాడుతుంటే ప్రాణం పోతోంది."

"ఇవాళే వెళ్లి చెప్పేస్తానక్కా. ఉద్యోగం పోతే పోయింది."

"ఇప్పుడు చెబితే, ఇన్నాళ్లూ తెలిసీ మా నీళ్లు తోటని తాగనిచ్చారు కదా అంటారు. తలెత్తుకుని తిరగగలమా ఈ వీధిలో?" అక్క ఇటు తిరగలేదు. కోపం కూడా లేని గొంతుతో అంది. "నాకెందుకు చెప్పావే? నువ్వు నాకు చెప్పుకుని దించుకున్నావు. నేనెవరికి చెప్పుకోను?"

తోటమ్మ వీపు మీంచి చెయ్యి తీసేసింది. అక్క మోసే బరువుల్లో ఒకటి తగ్గిద్దామని అనుకుంటూ ఆమె నెత్తిన ఇంకోటి ఎత్తింది తను. అందులోనూ దించుకునే చోటు లేనిది ఎత్తింది. ఆమె లేచి, గుమ్మం పక్కనున్న క్యాన్లు రెండూ తీసుకుని కిందికి దిగింది. దిగుతూ నిశ్చయించుకుంది. ఆఫీసులూ మేనేజర్లూ కాదు, ముందు వరసలో నిలబడ్డవాళ్లకే చెప్పెయ్యాలి. తిట్టనీ, మొహాన ఉమ్మెయ్యనీ, అక్కకి తెలుసని మాత్రం చెప్పకూడదు. మెట్లు దిగేలోపు ఆ మాటలు ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంది.

వరస అప్పటికే మలుపు దాటి ఉంది. తోటమ్మ చివర్న నిలబడబోతుంటే ముందునుంచి టైలరు పిన్ని చూసింది. మెడలో టేపు వేలాడుతుండగానే గబగబా వచ్చి ఆమె చేతిలోంచి ఒక క్యాన్ అందుకుంది. అక్కకి ఎలా ఉందని అడిగింది. ఈ మధ్య మనిషి మనిషిలా లేదని, నడుం నొప్పి బయటికి చెప్పుకోదని, అందరం చూస్తూనే ఉన్నామని అంది.

"నువ్వు ముందుకి రా అమ్మా. ఇన్నేళ్లూ మా అందరి కోసం మీ అక్క గొంతు చించుకుంది. ఆవిడ పడుకున్న పూట ఆవిడ నీళ్లకి మేం దారి ఇవ్వలేమా?"

చెయ్యి పట్టుకుని ముందుకి నడిపించుకుపోయింది. ఎవరూ గొణగలేదు. అందరూ ఒక్కొక్కరే పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఈ అమ్మాయికి ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైందటగా అని ఎవరో అడిగితే, అయింది, మన వీధి పిల్ల, పైవాళ్లంతా వచ్చి మెచ్చుకుని వెళ్లారట అని పిన్ని తనే జవాబు చెప్పింది. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకామె తన క్యాన్ వెనక్కి లాక్కుని తోటమ్మ క్యాన్‌కి చోటు ఇచ్చింది. పాప మొహాన చెమట కారుతోంది.

పిన్ని ట్యాంకరు గొట్టం తనే అందుకుని క్యాన్‌లో పెట్టింది. నీళ్లు పడుతున్నాయి. క్యాన్ అడుగున మొదలైన చప్పుడు మెల్లగా పైకి వస్తోంది. తోటమ్మ ఆ చప్పుడు వింటూ, పేర్చుకున్న మాటల్లో మొదటిదాన్ని పెదాల దాకా తెచ్చుకుంది.

"పిన్నీ."

"చెప్పమ్మా."

పిన్ని ఆమె మొహంలోకి చూసింది. వరసలో వాళ్లు కూడా చూశారు. అందరి చూపుల్లోనూ అక్క మీద బెంగే తప్ప ఇంకేమీ లేదు.

"నిండింది పిన్నీ, చాలు," అంది తోటమ్మ.

"రెండోది కూడా పెట్టు. మోసేది ఎలాగూ మోస్తావు," అంది పిన్ని.

తోటమ్మ పెట్టింది.